లాకెట్టులో అస్థికలు, బకెట్టులో వేన్నీళ్లు

స్నానానికి వెళ్లేముందు దీన్ని తీసేయాలా? అస్థికల లాకెట్టు మెడలో వేసుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇది. దాని వెనకాలే మరికొన్ని వస్తాయి. ఈతకొలనులో దిగవచ్చా? సముద్రంలో మునగవచ్చా? వానలో తడిస్తే లోపలున్నది కరిగిపోతుందా? అమ్మేవాళ్లు వాటర్‌ప్రూఫ్ అనే మాటను చాలా ఉదారంగా వాడతారు. వాళ్లే నగతో పాటు ఇచ్చే చీటీలో మాత్రం నీళ్లకు దూరంగా ఉంచమని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న విజ్ఞానమే ఈ అధ్యాయం.

పోయినవాళ్ల చితాభస్మంలో చిటికెడు తీసి పతకంలోనో ఉంగరంలోనో పెట్టుకోవడం ఇప్పుడు అమెరికాలో, బ్రిటన్‌లో బాగా కనిపిస్తున్న అలవాటు. అక్కడ దహనమే పెద్ద మార్పు. అమెరికాలో 1960 నాటికి నూటికి నలుగురిని కూడా దహనం చేసేవారు కాదు. 2016 కల్లా ఆ లెక్క సగం దాటింది. బ్రిటన్‌లో నూటికి 80 దాకా ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా క్రెమటోరియం వాళ్లు భస్మాన్ని పెట్టెలో పెట్టి చేతికిస్తారు. దాన్ని రాజమండ్రి కోటిలింగాల రేవుకు తెచ్చి గోదావరిలో కలిపేవాళ్లున్నారు, చిటికెడు ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. అలా ఉంచుకోవచ్చా కూడదా అనేది ఇంటి పెద్దలూ పురోహితుడూ కూర్చుని తేల్చుకోవాలి. మనం నీళ్ల సంగతి చూద్దాం.

బోలు నగలో ఏదో ఒకటి దాచి ఒంటి మీద ధరించడం మనకు కొత్త కాదు. ఊడిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి పిల్లవాడి మొలతాడుకు కట్టిన ఇళ్లు ఎన్నో. ఆ తాయెత్తు మూతను లక్కతో మూయడం కంసాలులకు తెలిసిన పనే. లక్క వేడికి మెత్తబడుతుందనీ, లక్క నింపిన గుండ్లను మరిగే నీళ్లలో వేయకూడదనీ కూడా వాళ్లకు తెలుసు. అస్థికల లాకెట్టు సమస్య అంతా అక్కడే ఉంది: లోపలున్న పదార్థం కన్నా దాన్ని మూసిన పద్ధతే ముందు పాడవుతుంది.

లోపలున్నది ఏమిటి?

క్రెమటోరియంలో కొలిమి సుమారు 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో రెండు గంటలకు అటూఇటూగా పనిచేస్తుంది. ఆ వేడికి ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది, మాంసం, కొవ్వు కాలి వాయువులుగా పోతాయి. మిగిలేది ఎముక, అది కూడా గుల్లబారి వేలితో నలిగేంత పెళుసుగా. అందులోని ఇనుప ముక్కలను అయస్కాంతంతో ఏరేసి, ఎముకను యంత్రంలో పొడి చేస్తారు. పెద్దవాళ్లదైతే రెండు మూడు కిలోలు వస్తుంది. కుటుంబం చేతికి వచ్చే ఆ బూడిదరంగు పొడిలో దాదాపు అంతా కాల్షియం ఫాస్ఫేటే. రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు, మనం అస్థి ఖనిజం అందాం.

ఈ అస్థి ఖనిజం ప్రతి మనిషి నోట్లోనూ ఉంది. పంటి పైపొర దాదాపుగా ఇదే. పుట్టి పెరిగిన నాటి నుంచీ ఉమ్మిలో రాత్రీ పగలూ నానుతూనే ఉంటుంది, కరగదు. మామూలు నీళ్లలో ఇది లీటరుకు కొన్ని మిల్లీగ్రాములకు మించి కరగదు. కాల్చిన ఎముక ఇంకా మొండిది: ఎక్కువ వేడికి దాని స్ఫటికాలు పెరిగి పెద్దవవుతాయి, అప్పుడు నీటికి దొరికే ఉపరితలం తగ్గుతుంది. పచ్చి ఎముక ఆనవాలు లేకుండా పోయే పుల్లటి నేలల్లో కూడా కాలిన ఎముక ముక్కలు వేల ఏళ్ల తరవాత పురావస్తు తవ్వకాల్లో బయటపడుతున్నది అందుకే.

అయితే ఆమ్లం సంగతి వేరు. పుల్లటివి తింటే పళ్లు అరుగుతాయని మనకు తెలుసు. పుల్లదనాన్ని కొలిచే పీహెచ్ 5.5 కన్నా దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. నగలో భస్మం పైకి తేలి ఉంటే దానికీ ఇదే సూత్రం. వెండి సామాను మెరవాలని చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమే మన అలవాటు ఈ నగ దగ్గర పనికిరాదు. మంచినీళ్లు ఏళ్ల తరబడి చేయలేని పనిని ఆ పులుపు చేయగలదు.

భస్మంలో కరిగేవి కూడా కొంచెం ఉంటాయి. సోడియం, పొటాషియం లవణాలు నీళ్లు తగలగానే కరుగుతాయి. ఎముకలోని కార్బనేటు ఆ వేడికి విడిపోవడం వల్ల కాస్త పొడిసున్నం కూడా పుడుతుంది. అది తడిస్తే తడిసున్నమవుతుంది, తరవాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. గోడకు కొట్టిన సున్నం గట్టిపడేది ఈ పద్ధతిలోనే. తడిసిన లాకెట్టు తెరిచి చూసినవాళ్లకు పొడి బదులు గడ్డ కనిపించడానికి ఇదో కారణం. ఈ సున్నం వల్ల తడి భస్మం ఘాటైన క్షారంగా మారుతుంది. మొక్క మొదట్లో భస్మం గుమ్మరిస్తే మొక్క దెబ్బతినేది కూడా ఈ క్షారం, ఉప్పుల వల్లే.

మన చితి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కట్టెల మీద కాల్చినప్పుడు ఎముకతో పాటు కట్టెబూడిద గంపలకొద్దీ మిగులుతుంది. కట్టెబూడిదలో పొటాషియం కార్బనేటు ఎక్కువ. నీళ్లలో సులువుగా కరుగుతుంది, గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. గిన్నెలు తోమడానికి ఆ బూడిద పనికొచ్చింది ఈ క్షారం వల్లే. సంచయనంలో నీళ్లు చల్లి ఎముకలను మాత్రం ఏరి కుండలో పెట్టే పద్ధతిలో కట్టెబూడిద చాలావరకు వెనకే ఉండిపోతుంది. నగ చేయించదలచినవాళ్లు చితి అడుగు నుంచి గుప్పెడు తీసి ఇస్తే, చేసేవాడి చేతికి వచ్చేది ఎక్కువగా కట్టెబూడిదే. అది తేమకు తడుస్తుంది, రెజిన్ అనే పారదర్శక ప్లాస్టిక్కులో కలిపితే మచ్చ కడుతుంది. కావలసింది ఏరిన ఎముక ముక్క, మెత్తగా నూరి ఆరబెట్టినది.

మరమూత ఊపిరి పీలుస్తుంది

ఎక్కువమంది కొనేది బోలు లాకెట్టు: స్టీలుదో వెండిదో చిన్న గుల్ల, వెనక మరమూత, మూత కింద ఒక్కోసారి సన్నటి రబ్బరు రింగు. అందులో చిటికెడు భస్మం పోసి మూత తిప్పుతారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది.

మర చుట్ల మధ్య ఎంత బిగించినా సన్నటి సందు ఉంటుంది. సన్నటి సందులోకి నీరు తనంతట తానే పాకుతుంది (కేశనాళికీయత). సబ్బు కలిస్తే ఈ పాకుడు ఇంకా తేలిక: సబ్బు నీటికున్న తలతన్యతను సగానికి పైగా తగ్గిస్తుంది, జిడ్డు పట్టిన లోహం మీద కూడా నీరు పరుచుకుంటుంది. వానలో తడవడం కన్నా సబ్బుతో స్నానం ఎక్కువ ప్రమాదమనేది ఇందుకే.

వీటిని మించిన దారి ఇంకొకటి ఉంది. వేడి అన్నం పెట్టి మూత బిగించిన స్టీలు బాక్సు మధ్యాహ్నానికి ఎంత లాగినా రాదు. లోపలి గాలి, ఆవిరి చల్లారి కుంచించుకుపోతే బయటి గాలి మూతను అదిమి పట్టుకుంటుంది. లాకెట్టులోనూ అదే జరుగుతుంది. 42 డిగ్రీల వేన్నీళ్ల కింద నిలబడితే గుల్లలోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. తరవాత 22 డిగ్రీలకు చల్లారితే మిగిలిన గాలి నూటికి ఆరు వంతుల దాకా తగ్గుతుంది. ఖాళీ అయిన ఆ చోటు నింపడానికి బయట ఏది ఉంటే అది లోపలికి వస్తుంది. అప్పుడు మర చుట్టూ గాలి ఉంటే గాలి, సబ్బు నీళ్లుంటే సబ్బు నీళ్లు. బాక్సుకు వెడల్పాటి రబ్బరు ఉంటుంది కనక నిలవరిస్తుంది. లాకెట్టుకున్నది వెంట్రుకంత రింగు, అది కూడా ఉంటేనే. ఇది రోజూ జరుగుతుంది. ఒక్కో స్నానంలో పీల్చేది చుక్కలో వందోవంతే కావచ్చు, కానీ లోపలికి వచ్చిన నీరు అంత త్వరగా ఆరదు.

ఈతలో దీనికి లోతు తోడవుతుంది. ఒక్క మీటరు మునిగితే నీటి ఒత్తిడి గాలి ఒత్తిడిలో పదో వంతు పెరుగుతుంది. చేతి గడియారం మీద 30 మీటర్లు అని రాసి ఉంటే దానర్థం ముప్పై మీటర్లు మునగవచ్చని కాదు, చేతులు కడుక్కుంటే, చినుకులు పడితే ఫరవాలేదని. అంత కచ్చితమైన ఐఎస్ఓ ప్రమాణం ఉన్న గడియారానికే ఇంత మినహాయింపు ఉంటే, ఏ అంకే చెక్కని లాకెట్టు మీద వాటర్‌ప్రూఫ్ అనే మాటకు విలువెంత?

మర మీద జిగురు చుక్క వేస్తే బాగుంటుంది, చాలామంది తయారీదార్లు వేయమనే చెబుతారు. ఏ జిగురు అన్నదే ముఖ్యం. చిటికెలో అతికే సూపర్ గ్లూ పెళుసుగా గట్టిపడుతుంది, వేడి, తేమ పదే పదే తగిలితే పట్టు వదులుతుంది. రెండు గొట్టాల్లో వచ్చి కలిపి వాడే ఎపాక్సీ ఆలస్యంగా ఆరినా ఎక్కువకాలం నిలుస్తుంది. ఏది వేసినా మరకు నూనె, భస్మం రేణువులు అంటకుండా తుడిచిన తరవాతే.

రెజిన్: పైకి గాజు, లోపల ప్లాస్టిక్కు

రెజిన్ నగలో గుల్ల ఉండదు. పారదర్శకమైన ద్రవంలో భస్మం కలిపి అచ్చులో పోస్తే గట్టిపడి గాజులా మెరుస్తుంది. మూత లేదు కాబట్టి నీరు దూరే దారి లేదనుకోవడం సహజం. కానీ రెజిన్ ప్లాస్టిక్కే. దాని అణువుల గొలుసుల మధ్యకు నీటి అణువులు ఒక్కొక్కటే చేరతాయి. నెలల తరబడి నానిస్తే ఎపాక్సీ తన బరువులో నూటికి ఒకటి నుంచి నాలుగు వంతుల దాకా నీటిని పీల్చుకోవడం మామూలే. రోజూ పది నిమిషాల స్నానానికి అంత జరగదు, మధ్యలో ఆరుతుంది కూడా.

చిక్కంతా భస్మం రేణువు రెజిన్ ఉపరితలానికి తగిలి ఉన్నప్పుడు వస్తుంది. ఎముక పొడి సూక్ష్మ రంధ్రాల మయం. ఒక రేణువు పైకి తేలి ఉంటే దాని గుండా నీరు పక్క రేణువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి పోతుంది. రేణువుకూ రెజిన్‌కూ మధ్య పట్టు వదిలిన చోట గాలో నీరో చేరి, అక్కడ వెలుగు చెదిరి తెల్లటి మసక కనిపిస్తుంది. కొంత మసక ఆరాక పోతుంది, పట్టు వదిలిన చోట మాత్రం ఉండిపోతుంది. పనితనం తెలిసినవాళ్లు భస్మాన్ని ముందు పూర్తిగా ఆరబెట్టి, రెజిన్‌లో కలిపి, దాని మీద భస్మం లేని పొర ఒకటి పోస్తారు. ఆ పై పొర ఉందో లేదో పక్క నుంచి భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. రెజిన్ నగ కొనేటప్పుడు నేను చూసే మొదటి విషయం అదే.

నీటికన్నా రెజిన్‌కు పెద్ద శత్రువులు వేడి, కొన్ని ద్రావకాలు. చేతిపని రెజిన్లు చాలావరకు 50 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడతాయి. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్ రెజిన్ మెరుపును కరిగించేస్తుంది, సెంటులోనూ శానిటైజర్‌లోనూ ఉండే ఆల్కహాలు మెల్లగా మసకబారుస్తుంది. స్నానానికి జాగ్రత్తగా తీసిపెట్టి, రోజుకు పదిసార్లు శానిటైజర్ చేత్తో అదే పతకాన్ని నిమిరేవాళ్లను ఏమనాలి?

మన ఇళ్లకు ప్రత్యేకమైనది పసుపు. అందులోని రంగు పదార్థం ప్లాస్టిక్కులోకి ఇంకుతుంది. పసుపు పట్టిన మిక్సీ జార్ మూత ఎన్నిసార్లు కడిగినా తెల్లబడదు కదా. నలుగు పెట్టుకునే రోజు రెజిన్ నగ ఒంటి మీద ఉండకూడదు. బోరునీళ్ల ఊళ్లలో నగ మీద తెల్లటి పొర కడితే కంగారు అక్కర్లేదు: అది నీటిలోని సున్నపు ఉప్పు, లోపలి మసక కాదు. మెత్తటి తడిగుడ్డతో ఓపికగా తుడిస్తే చాలావరకు పోతుంది.

గాజు, పింగాణీ, వజ్రం

నీటి విషయంలో నా ఓటు గాజుకు. గాజు కొలిమి దగ్గర వెయ్యి డిగ్రీలు దాటిన మెత్తటి గాజు ముద్దను భస్మంలో దొర్లించి, పైన మళ్లీ స్వచ్ఛమైన గాజు చుడతారు. అస్థి ఖనిజం కరగాలంటే 1600 డిగ్రీలు దాటాలి, కాబట్టి తెల్లటి చుక్కలుగా, చిన్న బుడగలతో లోపలే నిలిచిపోతుంది. నీరు గాజును కూడా తాకుతుంది: అందులోని సోడియంను కొంచెం కొంచెంగా లాగేస్తుంది. రోమన్ల నాటి గాజు పాత్రల మీద కనిపించే ఇంద్రధనుస్సు రంగులు భూమిలో శతాబ్దాల పాటు ఇలా జరిగిన దాని ఫలితమే. ఒక మనిషి జీవితకాలంలో స్నానపు నీళ్లతో అంత దూరం పోదు.

గాజుకు భయపడాల్సింది ఒక్కసారిగా మారే వేడికి. తయారీలో నెమ్మదిగా చల్లార్చకపోతే గాజులో బిగువు మిగిలిపోతుంది. అలాంటి పూస ఎండలో కాగి చన్నీళ్లలో పడితే పగలవచ్చు. సోడా గాజు వేడికి వ్యాకోచించడం, ప్రయోగశాల పరికరాలకు వాడే బోరోసిలికేట్ గాజుతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ఏ గాజు వాడారని అడగడం అతి ప్రశ్నేమీ కాదు.

ఎముక బూడిదను కాల్చి గట్టిపరచడం ఎంత నీటి నిలకడ ఇస్తుందో తెలుసుకోవాలంటే బోన్ చైనా కప్పు చూడాలి. 18వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో జొసయా స్పోడ్ స్థిరపరిచిన ఆ మిశ్రమంలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే, మిగతాది తెల్లమట్టి, రాతిపొడి. 1200 డిగ్రీల పైన కాల్చాక అది మరిగే టీని రోజుకు నాలుగుసార్లు మోస్తుంది, ఒక్క చుక్క పీల్చదు. భస్మాన్ని పింగాణీ పూతలో కలిపి చేసే పూసలకూ, పూత సరిగ్గా కరిగి పరుచుకుంటే, ఇదే గట్టితనం వస్తుంది.

వజ్రం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. స్విట్జర్లాండ్‌లోని అల్గోర్డాంజా వంటి సంస్థలు భస్మం నుంచో వెంట్రుకల నుంచో కర్బనాన్ని వేరుచేసి, విపరీతమైన ఒత్తిడి, వేడి కింద వజ్రంగా మారుస్తాయి. కాలిన ఎముకలో మిగిలే కర్బనం చాలా తక్కువ, వెంట్రుకలు ఇవ్వడం తేలిక. నీళ్లు వజ్రాన్ని ఏమీ చేయలేవు. జిడ్డు మాత్రం వజ్రానికి అతుక్కుంటుంది. దక్షిణాఫ్రికా కింబర్లీ గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద నీళ్లతో రాళ్లను పారించి వజ్రాలను పట్టేవారు ఈ గుణంతోనే. స్నానం చేసిన ప్రతిసారీ సబ్బు జిడ్డు పేరుకుని వజ్రం మెరుపు తగ్గేది కూడా అందుకే.

పట్టుకున్న లోహం

సముద్రపు నీటిలో ఉప్పు నూటికి మూడున్నర వంతులు. ఈతకొలనులో క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు. రెంటికీ లోహాల మీద పగ ఉంది. వెండి క్లోరిన్‌కు మాడురంగు తిరుగుతుంది, గంధకపు ఊటల్లో నల్లబడుతుంది. 92.5 వెండిలో మిగతాది ఎక్కువగా రాగి కనక పచ్చటి మరక కూడా వస్తుంది. ఇత్తడి మీద బంగారు పూత ఉన్నవి అరిగిన చోట త్వరగా దెబ్బతింటాయి.

స్టీలు తుప్పు పట్టదనే నమ్మకం మరమూత దగ్గర తేలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది పైన ఏర్పడే కంటికి కనిపించని సన్నటి ఆక్సైడు పొర. అది గీరుకుపోతే మళ్లీ ఏర్పడటానికి ఆక్సిజన్ కావాలి. మర చుట్ల సందులో నిలిచిన ఉప్పు నీటికి ఆక్సిజన్ అందదు, అక్కడే తుప్పు మొదలవుతుంది. దీన్ని సందు తుప్పు అందాం. 316ఎల్ రకం స్టీలులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును బాగా తట్టుకుంటుంది. వంటింటి గిన్నెలకు వాడే 304 రకం అంతగా తట్టుకోదు. టైటానియం సముద్రపు నీటిని లెక్కే చేయదు, ధర మాత్రం ఎక్కువ.

నింపే ముందు ఒక పరీక్ష

మరమూత లాకెట్టు కొన్నవాళ్లు భస్మం నింపకముందే ఇంట్లో చేయగల పరీక్ష ఉంది. గుల్లలో పొడి టిష్యూ కాగితం ముక్క పెట్టి మూత బిగించండి. చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లలో సబ్బు కలిపి, లాకెట్టును అయిదు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చండి. నాలుగైదుసార్లు ఇలా చేశాక బయట బాగా తుడిచి తెరవండి. కాగితం తడిగా ఉంటే ఆ లాకెట్టును స్నానానికి తీసి పెట్టాలి, లేదా మరకు ఎపాక్సీ వేయాలి. పొడిగా ఉంటే రోజువారీ స్నానానికి ఫరవాలేదు, ఈతకు మాత్రం ఈ పరీక్ష చాలదు. నగల దుకాణాల్లో ధ్వని తరంగాలతో కడిగే యంత్రంలో మాత్రం ఏ రకం అస్థికల నగనూ వేయనివ్వకండి. ఆ కంపనానికి జిగురు వదులుతుంది, రేణువుల పట్టు సడలుతుంది.

ఇప్పటికే తడిసిపోయి ఉంటే? మూత తెరిచి భస్మాన్ని తెల్లకాగితం మీద పరిచి, ఫ్యాను గాలికి కాకుండా కిటికీ దగ్గర నీడలో ఆరనివ్వాలి. కరిగి పోయింది ఉప్పులు, కాస్త సున్నం. అస్థి ఖనిజం దాదాపు అంతా అక్కడే ఉంటుంది. గడ్డ కట్టినదాన్ని చెంచా వీపుతో నలిపితే మళ్లీ పొడి అవుతుంది. గుల్ల లోపలి గోడలకు అంటిన తెల్లటి పొరను దూదితో తుడిచి, రబ్బరు రింగును పక్కకు తిప్పి చూడాలి. అది చదునుగా అణిగిపోయి ఉన్నా, సన్నటి పగుళ్లు కనిపించినా కొత్తది వేయాలి. గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ సైజు రింగులు తరచుగా దొరుకుతాయి.